లంబసింగి రాత్రికి నలుగురికీ ఎలాంటి స్లీపింగ్ బ్యాగు కొనాలి?

కౌశిక ఒడ్డు:
సంక్రాంతి వెళ్ళాక భార్యాపిల్లలతో లంబసింగి వెళ్ళి రెండు రాత్రులు గుడారంలో గడపాలని అనుకుంటున్నాము. ఇక్కడ అమలాపురంలో ధనుర్మాసపు మంచుకే రగ్గు కప్పుకుంటాము. అక్కడ సుమారు 1000 మీటర్ల ఎత్తున 5 డిగ్రీల లోపుకు దిగే రాత్రులుంటాయి కనుక స్లీపింగ్ బ్యాగులు కొనక తప్పదు. మా అబ్బాయికి 9 ఏళ్ళు, అమ్మాయికి 5. ఒంటిని అంటిపెట్టుకుని తల దాకా కప్పే మమ్మీ రకం కొనాలా, బొంతలా నలుచదరంగా వెడల్పుగా ఉండేది కొనాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాము.

గట్టుమీద మాస్టారు:
మమ్మీ రకమే కొనండి. సంచి తనంతట తాను వేడి పుట్టించదు, మన ఒంటి వేడిని బయటికి పోనివ్వకుండా నిలబెట్టడమే దాని పని. లోపల ఖాళీ ఎంత ఎక్కువగా ఉంటే అంత గాలిని మన ఒళ్ళే వెచ్చబెట్టాలి, పైగా కదిలినప్పుడల్లా ఆ వెచ్చని గాలి మెడ దగ్గర నుంచి పోయి చలిగాలి లోపలికి వస్తుంది. నేను మూడు శీతాకాలాలు అరకులోనూ లంబసింగిలోనూ 5 డిగ్రీలని రాసి ఉన్న మమ్మీ సంచిలో పడుకున్నాను. ఒక్క రాత్రి కూడా చలికి మెలకువ రాలేదు.

లంక రైతు:
మా అమ్మ పాత చీరలతో కుట్టిన బొంతలు రెండు వేసుకుని వెళ్ళాము. వెచ్చగానే ఉన్నాయి గానీ, తెల్లారేసరికి మంచుకు చెమ్మగిల్లి మోయలేనంత బరువయ్యాయి.

వశిష్ఠ తీరం:
మాస్టారు గారూ, మీ సంచి మీద ఉన్న 5 డిగ్రీలు ఏ అంకెండీ? ఐ.ఎస్.ఓ. 23537 ప్రమాణం ప్రకారం పరీక్షించిన సంచికి కంఫర్ట్ అని ఒకటి, లిమిట్ అని ఒకటి ఇస్తారు. కంఫర్ట్ అంటే సగటు స్త్రీ కాళ్ళు చాపుకుని హాయిగా పడుకోగల చలి, లిమిట్ అంటే సగటు పురుషుడు ముడుచుకుని పడుకుని తట్టుకోగల చలి. మాకు దుకాణంలో లిమిట్ అంకె చూపించి అమ్మారు. ఆ రాత్రి మావారు నిద్రపోయారు. నేను మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, జిప్పు పళ్ళ వెంబడి వచ్చే సన్నని గాలికి శాలువా మడత అడ్డుపెట్టుకుని తెల్లవార్లూ గడిపాను. మా చిన్నమ్మాయి పాదాల కింద సంచిలో మూరెడు ఖాళీ మిగిలింది, అందులో చెయ్యి పెడితే నూతి గట్టు తాకినట్టుంది. సంచి వెడల్పైనదైతే పిల్లను నా పక్కలోకి తీసుకునేదాన్ని.

గట్టుమీద మాస్టారు:
అంకె సంగతి తర్వాత. మీ కింద ఏం పరిచారో ముందు చెప్పండి. మన బరువుకు సంచి అడుగు భాగం నలిగిపోతుంది, నలిగిన దూదిలో గాలి నిలవదు, నేల చలి నేరుగా వెన్నుకు తగులుతుంది. పరీక్ష కూడా కింద మ్యాట్ వేసే చేస్తారు. మ్యాట్ లేకుండా పడుకుని సంచిని తప్పుపట్టడం న్యాయం కాదు.

యానాం వాస్తవ్యుడు:
కోతలయ్యాక మన చేలల్లోకి తోలుకొచ్చే బాతులను చూస్తాము కదా, అలాంటి పక్షుల రొమ్ము మీది నూగుతో నింపిన సంచులు తేలికగా, ఎంతో వెచ్చగా ఉంటాయి. కానీ తడిస్తే ఆ నూగు ఉండకట్టి వేడిని నిలపదు. ఏడాది పొడవునా చెమ్మ ఉండే మన ప్రాంతంలో సింథటిక్ నింపినదే నయం. ఏది కొన్నా ఇంటికొచ్చాక మూటలో బిగించి ఉంచకండి, విప్పి వదులుగా వేలాడదీయండి.

వశిష్ఠ తీరం:
మ్యాట్ వేసుకున్నామండీ, నలుగురికీ నాలుగు ఫోమ్ మ్యాట్‌లు. నేను అడిగినదానికి మీరు ఇంకా జవాబు ఇవ్వలేదు. అది కంఫర్టా, లిమిటా?

గట్టుమీద మాస్టారు:
ఇప్పుడే తీసి చూశాను, లిమిటే. అయినా నేను నిద్రపోయాను కదా. ఇంతకీ వెడల్పు సంచి కావాలన్న కోరిక వెచ్చదనం కోసం కాదమ్మా, పిల్లలను పక్కలోంచి వదలలేకపోవడం వల్ల వచ్చింది. ఇంట్లో పదేళ్ళొచ్చినా తల్లి కొంగు పట్టుకుని పడుకుంటారు. కొండ మీదైనా ఎవరి సంచిలో వారు పడుకోవడం నేర్చుకోకపోతే ఇంకెప్పుడు నేర్చుకుంటారు?

వశిష్ఠ తీరం:
ఇంతసేపూ గాలి, జిప్పు, మ్యాట్ అంటూ వచ్చారు. అసలు మాట ఇప్పుడు బయటపడింది. పిల్లలు విడిగా పడుకోవాలన్నది మీ పట్టుదల, దానికి సంచి ఒక సాకు అయింది. విడిగా పడుకోబెట్టిన ఐదేళ్ళ పిల్ల అర్ధరాత్రి చలికి ఏడిస్తే లేచి వెళ్ళేది ఎవరు? ఆ రాత్రి నేను ఐదుసార్లు లేచాను. మీ శ్రీమతి గారు ఏ సంచిలో పడుకున్నారో, ఆవిడకు నిద్ర పట్టిందో లేదో మీరు ఒక్కమాట కూడా రాయలేదు.

గట్టుమీద మాస్టారు:
ఆవిడదీ అదే సంచి. మొదటి ఏడాది వచ్చింది, తర్వాతి రెండేళ్ళూ మోకాళ్ళ నొప్పులని ఇంట్లోనే ఉండిపోయింది. చలికి రాలేదేమోనన్న ఆలోచన నాకు కలగలేదు, నేను అడగనూ లేదు. ఆడవారికి కంఫర్ట్ అంకె చూసే కొనాలన్నది ఒప్పుకుంటున్నాను. పిల్లల విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు.

కౌశిక ఒడ్డు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినవన్నీ మా ఆవిడకు చదివి వినిపించాక ఒక నిర్ణయానికి వచ్చాము. కంఫర్ట్ అంకె 0 డిగ్రీలున్న వెడల్పాటి సింథటిక్ సంచులు ఒకే రకానివి రెండు తీసుకుంటాము, ఒకదానికి జిప్పు కుడివైపు, రెండోదానికి ఎడమవైపు. రెండూ కలిపి జిప్పు వేస్తే పాపను మధ్యలో పడుకోబెట్టుకోవచ్చు. అబ్బాయి తనకు విడిగా కావాలన్నాడు, వాడికి మమ్మీ రకం కొంటాము. నలుగురి కిందా ఫోమ్ మ్యాట్‌లు వేస్తాము.

గట్టుమీద మాస్టారు:
రెండు సంచులు కలిపితే మెడల దగ్గర బారెడు తెరిపి మిగులుతుంది, దాన్ని మూయడానికి ఒక రగ్గు పట్టుకెళ్ళండి. అబ్బాయికి పెద్దల సైజు కొనేటట్టయితే పాదాల కింద మిగిలిన భాగాన్ని మడిచి తాడుతో బయటి నుంచి కట్టండి.

వశిష్ఠ తీరం:
తాడు వద్దండీ, ఆ ఖాళీలో వాడి మర్నాటి బట్టలు కూరండి. పాదాలకు చలి తగలదు, పొద్దున్నే వెచ్చని బట్టలు వేసుకోవచ్చు.