అప్‌డేట్: ఇమిగ్రేషన్ కోర్టు క్లర్క్‌షిప్ తర్వాత ఎటు వెళ్లానంటే

అమెరికా ఇమిగ్రేషన్ కోర్టులో నా రెండేళ్ల క్లర్క్‌షిప్ (జడ్జికి కేసుల్లో చట్టం వెతికి, తీర్పుల ముసాయిదాలు రాసిపెట్టే లాయరు ఉద్యోగం) అయిపోవస్తోంది, ఐస్ (వలసదారుల్ని దేశం నుంచి పంపించే ప్రభుత్వ సంస్థ, ICE) తరఫున వాదించే ప్రభుత్వ లాయరుగా వెళ్లాలా, ప్రైవేటులోకా అని పోయినేడాది అడిగాను కదా. రెండూ కాదు, ఆశ్రయం కోరేవాళ్ల కేసులు చూసే చిన్న నాన్‌ప్రాఫిట్‌లో చేరాను. జీతం తగ్గింది. అమ్మ ఇంకా సణుగుతూనే ఉంది.

మన తెలుగువాళ్ల హెచ్-1బి పని చేసే ఫర్ములకీ వెళ్లాను. అక్కడ నా అనుభవం పెద్దగా అక్కరకు రాలేదు. ఆ పిటిషన్లు వీసా, గ్రీన్‌కార్డు దరఖాస్తులు చూసే ప్రభుత్వ ఆఫీసు యూఎస్‌సీఐఎస్‌కి వెళ్తాయి, మా కోర్టు గడప తొక్కవు. ఈ ముక్క నాకు ముందే తట్టాల్సింది!

కొత్త ఆఫీసులో మొదటి వారమే ఒక ఐ-589 ఫారం, అంటే ఆశ్రయం కోరే దరఖాస్తు, చేతిలో పెట్టారు. కథంతా వదిలేసి, ముందు అమెరికాకి వచ్చిన తేదీ వెతికాను. ఏడాది దాటాక దరఖాస్తు పెడితే మినహాయింపు చూపించాలి మరి. మా జడ్జిగారి దగ్గర అబ్బిన అలవాటది.

ఒక్కటి మాత్రం: క్లర్కుగా నేను స్వయంగా పనిచేసిన కేసుల్లో ఇక ఎప్పటికీ ప్రభుత్వానికి ఎదురు నిలబడి వాదించకూడదు. మీరూ ఇలాంటి ఉద్యోగంలో ఉంటే, మానేసే ముందే మీ ఆఫీసులో ఇలాంటి నియమాలు చూసే ఎథిక్స్ వాళ్లని అడిగి, జవాబు రాతలో తీసుకోండి.