పింఛను ఇంటికి తెచ్చివ్వడం వల్ల ముసలాళ్ళు ఇంకా ఒంటరి అయ్యారా?

రేవుగట్టు:
మాది కోనసీమ. మొన్న ఒకటో తారీఖున ఊళ్ళో ఉన్నాను. పొద్దున్నే గ్రామ సచివాలయం అమ్మాయి వచ్చింది, వేలిముద్ర వేయించుకుని, నాలుగు వేలు మామ్మ చేతిలో పెట్టి, ఫోటో తీసుకుని వెళ్ళిపోయింది. రెండు నిమిషాలు పట్టిందేమో. మామ్మ మాత్రం ఐదింటికే స్నానం చేసి, పెట్టెలో చీర తీసి కట్టుకుని, అరుగు మీద తన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసి కూర్చుంది. అందులో ఎవరూ కూర్చోలేదు. 2020కి ముందు పంచాయతీ దగ్గర లైనుండేది, నాలుగు వీధుల ముసలాళ్ళు అక్కడ కలిసేవాళ్ళు. ఇప్పుడు అదీ పోయింది. ఏమంటారు?

ఎర్రమట్టి:
లైను బాగుండేదని అనేది అందులో నిలబడని వాళ్ళే బ్రో. 2024 ఎన్నికలప్పుడు, ఇంటికి పింఛను తెచ్చిచ్చే వాలంటీర్లను ఆపి ఏప్రిల్లో సచివాలయానికి రమ్మన్నారు, మేలో బ్యాంకులో వేశారు, గుర్తుందా? మా తాత ఆ ఎండలో ఆటో కట్టించుకుని మండలానికి వెళ్తే డబ్బు వేరే ఖాతాలో పడిందన్నారు. సాయంత్రానికి మంచమెక్కాడు. ఇంక కబుర్లెక్కడివి!

పాలమూరోణ్ణి:
మా తెలంగాణల ఇప్పటికీ పోస్టాఫీసే, 2016 రూపాయలు. వేలిముద్ర పడక మా అవ్వ రెండు మూడుసార్లు తిరిగిన నెలలున్నాయి. అయినా ఆమెకు అదే పండుగ, వేపచెట్టు కింద కూర్చుంటే ఎవరి కోడలు ఏమన్నదో మొత్తం తెలుస్తుంది. ఇంటికే తెచ్చిస్తే ఎట్లుంటదని అడిగిన. "పైసలు ఇంటికి తెమ్మను, చెట్టు కాడికి నేను పోత" అన్నది.

రేవుగట్టు:
అవ్వకి దణ్ణం. కానీ మా ఊళ్ళో రచ్చబండ మగాళ్ళది. గుడి తప్ప ఆడవాళ్ళు ఊరికే కూర్చునే చోటేది?

డాలస్ నైట్‌షిఫ్ట్:
వాలంటీరంటే యాభై ఇళ్ళకి ఒకరు, మా వీధి పిల్లే, అమ్మకి బీపీ మాత్రలు కూడా తెచ్చిపెట్టేది. ఇప్పుడొచ్చే ఉద్యోగి పూట తిరిగేలోపు లిస్టు పూర్తి చేసుకోవాలి, కూర్చోమంటే ఎలా కూర్చుంటారండీ. నేను రోజూ వీడియో కాల్ చేస్తాను, "తిన్నావా" అంటుంది, "తిన్నా" అంటాను, ఆ తర్వాత నాకు కనిపించేది మా ఇంటి సీలింగ్ ఫ్యానే, ఫోన్ పైకి పట్టుకుంటుంది కదా.

ఎర్రమట్టి:
రేవుగట్టూ, అడగొచ్చో లేదో, ఆ కుర్చీలో నువ్వెందుకు కూర్చోలేదు?

రేవుగట్టు:
లోపల మంచం మీదున్నా బ్రో. కిటికీలోంచి చూశాను.