ఇల్లు ఆంధ్రాలో, పని తెలంగాణలో: ఇంట్లోవాళ్ళ వైద్యం ఏ రాష్ట్రం చూడాలి?

పాలేటి గట్టు
మాది జగ్గయ్యపేట దగ్గర పల్లెటూరు. పని మాత్రం మేళ్ళచెరువు వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో, ప్యాకింగ్ సెక్షన్, కాంట్రాక్టర్ కింద. ఏడేళ్ళుగా పొద్దున్నే బండి తీయడం, బోర్డర్ దాటడం, సాయంత్రం మళ్ళీ దాటి ఇంటికి రావడం. జీతం 18,400, అందులో ఇఎస్ఐ (ఉద్యోగులకీ, వాళ్ళ కుటుంబాలకీ ఉండే ఆరోగ్య బీమా) కింద నెలకి 138 రూపాయలు కట్ అవుతాయి.

రెండు నెలల కింద రాత్రి పదింటికి మా ఆవిడకి కడుపులో విపరీతమైన నొప్పి. ఇక్కడ చూసి పిత్తాశయంలో రాళ్ళు, ఇన్ఫెక్షన్ కూడా ఉంది, ఆపరేషన్ చేయాలి, పెద్దాస్పత్రికి తీసుకెళ్ళమన్నారు. విజయవాడ అంటే దగ్గర దగ్గర ఎనభై కిలోమీటర్లు. కోదాడ పాతిక లోపే, పైగా నాకు తెలిసిన ఊరు, అక్కడికే తీసుకెళ్ళాను. కౌంటర్‌లో ఆరోగ్యశ్రీ రోగులకి సాయంగా కూర్చునే ఆరోగ్యమిత్ర అమ్మాయి మా ఆరోగ్యశ్రీ కార్డు తీసుకుని మా ఆవిడ వేలిముద్ర పెట్టించింది, రాలేదు. తన చున్నీతోనే వేలు తుడిచి మళ్ళీ పెట్టించింది, అయినా పేరు రాలేదు. అప్పుడు కార్డు తిప్పి చూసి "అన్నా, ఇది ఆంధ్రా కార్డు, మా దాంట్లో కనపడదు" అంది. ఆ అమ్మాయి తప్పేం లేదు. ఇఎస్ఐ కార్డు చూపిస్తే ఆ ఆస్పత్రికి ఇఎస్ఐతో ఒప్పందం లేదన్నారు. నా ఇఎస్ఐ డిస్పెన్సరీ నుంచి లెటర్ తెచ్చుకుని సనత్‌నగర్ ఇఎస్ఐ ఆస్పత్రికి వెళ్ళాలట. నొప్పితో మెలికలు తిరిగే మనిషిని హైదరాబాద్ దాకా ఎలా తీసుకెళ్ళేది? మూడు రూపాయల వడ్డీకి 62 వేలు తెచ్చి ఆపరేషన్ చేయించాను.

నేననేది ఒక్కటే. నా చెమట తెలంగాణలో కారుతోంది, అక్కడి ఫ్యాక్టరీకి పనికొస్తోంది, అలాంటప్పుడు నా కుటుంబానికి కూడా ఆ రాష్ట్రం కార్డు చెల్లాలి. మీరేమంటారు?

పేట బస్టాండ్
అన్నా, వదినకి తగ్గినందుకు సంతోషం. కానీ మీ మాటతో నేను ఒప్పుకోను. మాది సూర్యాపేట జిల్లానే. ఆరోగ్యశ్రీ అనేది మీరు ప్రీమియం కట్టి కొనుక్కున్న బీమా కాదు, ట్రస్టు ద్వారా ప్రభుత్వం పన్నుల డబ్బుతో కట్టే బిల్లు. రేషన్ కార్డు ఏ రాష్ట్రంలో ఉంటే వైద్యం బాధ్యత ఆ రాష్ట్రానిది. 2023 డిసెంబర్‌లో తెలంగాణ పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకి పెంచింది, అదే నెలలో ఆంధ్రా 25 లక్షలు చేసింది. పని ఉన్నచోటల్లా కార్డు ఇవ్వాలంటే ప్రతి ఒక్కరికీ రెండు కార్డులవుతాయి, పెద్ద జబ్బులకి 25 లక్షల వైపు, చిన్న వాటికి దగ్గరున్న వైపు చూసుకుంటారు. పైగా ఇఎస్ఐ ఉన్నవాళ్ళకి ఆరోగ్యశ్రీ వర్తించదని మొదటి నుంచీ నిబంధనల్లోనే ఉంది. మీ గొడవ ఇఎస్ఐతో, రాష్ట్రంతో కాదు.

జీతాల పట్టిక
పదకొండేళ్ళుగా పేరోల్ పని చేస్తున్నాను, ఇఎస్ఐ రిజిస్ట్రేషన్లు వందల కొద్దీ చేశాను. చర్చ కాసేపు పక్కన పెట్టి పాలేటి గట్టు తమ్ముడు ముందు ఇది చదవాలి.

ఇఎస్ఐ 1948లో కేంద్ర చట్టంతో వచ్చింది. దానికి రాష్ట్రం సరిహద్దు అడ్డు కాదు. నీకు 0.75 శాతం కట్ అయితే యజమాని 3.25 శాతం కడతాడు, అంటే నీ జీతం మీద ఇంకో 598. మొత్తం 736 రూపాయలు ప్రతినెలా నీ కుటుంబం పేరున కూడా వెళ్తున్నాయి. రిజిస్ట్రేషన్ చేసేటప్పుడు కుటుంబ సభ్యుల వివరాల్లో ఒక గడి ఉంటుంది: ఉద్యోగితో కలిసి ఉంటున్నారా, లేకపోతే ఏ ఊరు, ఏ రాష్ట్రం. డిస్పెన్సరీ కూడా ఉద్యోగికి ఒకటి, కుటుంబానికి ఒకటి విడిగా ఎంచుకోవచ్చు. వెనకటి పెహచాన్ కార్డులు (ఇఎస్ఐ గుర్తింపు కార్డులు) రెండు ఇచ్చింది కూడా అందుకే, ఒకటి ఉద్యోగి జేబులో, ఇంకోటి ఊళ్ళో ఇంటిదగ్గర.

కాంట్రాక్టర్ల ఆఫీసుల్లో జరిగేదేంటంటే, ఒకేరోజు నలభై మందిని ఎక్కించాలి, అందరికీ ఫ్యాక్టరీ అడ్రసే కొట్టి, "కలిసి ఉంటున్నారు" అని టిక్ పెట్టి, దగ్గరి డిస్పెన్సరీ ఒకటే అందరికీ తగిలిస్తారు. మీ ఆవిడని కాగితం మీద తెలంగాణ మనిషిని చేసింది ఆ టిక్కే. అది మార్పించుకుని కుటుంబానికి ఆంధ్రా వైపు డిస్పెన్సరీ పెట్టించుకుంటే రెఫరల్ విజయవాడ గుణదల ఇఎస్ఐ ఆస్పత్రికి వచ్చే వీలుంటుంది, సనత్‌నగర్ పోనక్కర్లేదు. ఇక ఎమర్జెన్సీలో బయట ఆస్పత్రిలో చేరినా రీయింబర్స్‌మెంట్‌కి పెట్టుకోవచ్చు, సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వైద్య పథకం) రేట్ల మేరకు ఇస్తారు. డిశ్చార్జ్ సమ్మరీ, ఒరిజినల్ బిల్లులు, ఎమర్జెన్సీ అని డాక్టర్ రాసిన కాగితం ఉన్నాయా? వాటిని ఎవరికీ ఇవ్వకు, ముందు జిరాక్స్ తీసిపెట్టు.

ఇంకో మాట. ఓవర్‌టైమ్ కాకుండా జీతం 21,000 దాటితే ఆ ఆరునెలల కంట్రిబ్యూషన్ పీరియడ్ (వాటా కట్టే గడువు) అయ్యేదాకే ఇఎస్ఐ కట్ అవుతుంది, తర్వాత ఆపేస్తారు. ఆ పరిమితి 2017 జనవరి నుంచి అలాగే ఉంది. ఇంక్రిమెంట్ వచ్చిందని సంబరపడతారు, కొన్నాళ్ళకి ఇంట్లోవాళ్ళకి బీమా పోతుంది, టెన్షన్ అప్పుడు మొదలవుతుంది.

తుంగభద్ర వంతెన
అక్కా, ఇఎస్ఐ ఉన్నవాళ్ళకి మీరు చెప్పింది బంగారం లాంటి మాట. మా సంగతి వినండి. మాది అలంపూర్ మండలం, అంటే తెలంగాణ. మా అమ్మ, పిన్ని, వీధిలో ఇంకో పదిమంది ఆడవాళ్ళు రోజూ ఆటోలో నది దాటి కర్నూలుకి పనికి పోతారు, కొందరు ఇళ్ళల్లో, కొందరు బిల్డింగ్ పనుల్లో. వీళ్ళకి యజమాని ఎవరు, పేరోల్ ఎక్కడ? ఇఎస్ఐ అనే మాటే వినలేదు.

జబ్బు చేస్తే కర్నూలు పెద్దాస్పత్రికే పోతాం, మేమే కాదు గద్వాల, రాయచూరు వాళ్ళు కూడా. ఓపీ దగ్గర ఏ రాష్ట్రం అని అడిగి వెనక్కి పంపింది నేనెప్పుడూ చూడలేదు. మంచం లేకపోతే కింద చాప వేసైనా చూశారు. చిక్కంతా ప్రైవేటుకి రాసినప్పుడే. అక్కడ మా కార్డు తెలంగాణది, పోవాల్సింది మహబూబ్‌నగర్ లేకపోతే హైదరాబాద్.

2021 మే, కరోనా రెండో వేవ్ గుర్తుందా? పుల్లూరు టోల్‌గేట్ దగ్గర కర్నూలు వైపు నుంచి వచ్చే అంబులెన్సులని తెలంగాణ పోలీసులు ఆపేశారు, హైదరాబాద్ ఆస్పత్రిలో బెడ్ ఖాయమైనట్టు కాగితం ఉంటేనే వదిలారు. హైకోర్టు ఆ సర్క్యులర్ మీద స్టే ఇస్తే గానీ దారి తెరుచుకోలేదు. అప్పుడు ఆగినవాళ్ళు అటువాళ్ళు, రేపు ఇంకో వంతెన మీద మేమూ ఆగొచ్చు. అందుకే పని ఉన్న రాష్ట్రమా, ఇల్లున్న రాష్ట్రమా అనే ప్రశ్నే నాకు తప్పుగా కనిపిస్తుంది. సరిహద్దుకి ముప్పై కిలోమీటర్లలోపు ఉన్న ఆస్పత్రుల్లో రెండు కార్డులూ చెల్లాలి. అంతే.

పేట బస్టాండ్
అంబులెన్సులు ఆపింది తప్పే, నేను అప్పుడూ అదే అన్నాను. కానీ "రెండు కార్డులూ చెల్లాలి" అనడం తేలిక. బిల్లు ఎవరు కడతారు?

ట్రియర్ తెలుగు
ఈ బిల్లు ప్రశ్నకి నా దగ్గర ఒక జవాబుంది, నేను రోజూ చూసేది. నేను జర్మనీలో ట్రియర్‌లో ఉంటాను, ఉద్యోగం లక్సెంబర్గ్‌లో. సుమారు యాభై కిలోమీటర్లు, రెండు దేశాలు. జీతంలో ఆరోగ్య బీమా వాటా లక్సెంబర్గ్‌లో కట్ అవుతుంది. అక్కడి సంస్థ ఎస్1 అనే ఫారం ఇస్తుంది, అది తెచ్చి జర్మనీలో ఒక బీమా సంస్థలో ఇస్తే నాకూ, మా ఆవిడకీ, పాపకీ ఇక్కడి కార్డులు వచ్చాయి. పాపకి జ్వరమొస్తే మా వీధి డాక్టర్ దగ్గరికే వెళ్తాం, ఆయన తన రోగులందరినీ చూసినట్టే చూస్తాడు. ఖర్చు ఆఖరికి లక్సెంబర్గ్ కడుతుంది. ఆ లెక్క రెండు సంస్థల మధ్య నడుస్తుంది, నా దాకా రాదు. 2010 మే నుంచి అమల్లో ఉన్న యూరోపియన్ యూనియన్ నిబంధన ఇది.

అన్నీ సాఫీ అని చెప్పను. రేపు మా ఆవిడకి ఇక్కడ బీమా వచ్చే ఉద్యోగం దొరికితే తను, పాప జర్మనీ బీమా కిందికి మారతారు, మళ్ళీ కాగితాలు. ఇక్కడుండి స్విట్జర్లాండ్‌లో పనిచేసేవాళ్ళయితే ఏ దేశపు బీమా కావాలో మూడు నెలల్లో తేల్చుకోవాలి, తర్వాత మార్చుకోవడం దాదాపు కుదరదు. కానీ మూల సూత్రం ఒక్కటే: డబ్బు పని ఉన్నచోటు నుంచి, వైద్యం ఇల్లున్నచోట. వేర్వేరు దేశాలు చేయగలిగింది ఒకే దేశంలోని రెండు రాష్ట్రాలు, అదీ ఒకే భాష మాట్లాడేవాళ్ళు, చేయలేరా?

పేట బస్టాండ్
మీ పోలిక బాగుంది గానీ ఒకచోట తెగిపోతుంది. మీ జీతంలో వాటా కట్ అవుతోంది కాబట్టి ఎవరి ఖాతాలోంచి ఎంత అనేది తెలుస్తోంది. అలంపూర్ అమ్మ కూలి డబ్బు చేతికి తీసుకుంటుంది, ఏ వాటా ఎక్కడ జమైంది? అక్కడ కట్టేది ప్రభుత్వమే. అలాంటప్పుడు ఓటున్న రాష్ట్రమే కట్టాలి అని నా వాదన, అందులో మార్పు లేదు.

తుంగభద్ర వంతెన
సరే, ఓటున్న రాష్ట్రమే కట్టనీ. నేనూ తెలంగాణే కట్టమంటున్నాను, కర్నూలు ఆస్పత్రికి. ఆయుష్మాన్ భారత్ కింద అర్హులైన కుటుంబాలు వేరే రాష్ట్రం ఆస్పత్రిలో చేరితే సొంత రాష్ట్రమే కదా భరిస్తోంది. ఆంధ్రా కూడా 2019 నవంబర్ 1 నుంచి హైదరాబాద్, బెంగళూరు, చెన్నై ఆస్పత్రుల్లో పెద్ద చికిత్సలకి తన కార్డు చెల్లేలా చేసింది. అంటే దారి ఉంది. అది నగరాలకి మాత్రమే వేశారు. ఆంధ్రా జాబితాలో కోదాడ, తెలంగాణ జాబితాలో కర్నూలు లాంటి ఊళ్ళ పేర్లు చేర్చడానికి కొత్త చట్టం ఏం అక్కర్లేదు.

పేట బస్టాండ్
ఇలా అయితే నాకు అభ్యంతరం లేదు. నేను వద్దన్నది రెండో కార్డుని, పక్క ఊరి ఆస్పత్రిని కాదు.

పాలేటి గట్టు
నాలుగు రోజులుగా రాయలేదు, షిఫ్టులు కుదర్లేదు. జీతాల పట్టిక అక్క చెప్పినట్టు కాంట్రాక్టర్ ఆఫీసుకి వెళ్ళి నా వివరాలు స్క్రీన్ మీద చూపించమన్నాను. అచ్చం అలాగే ఉంది. మా ఆవిడ పేరు, మా నాన్న పేరు, పక్కన "కలిసి ఉంటున్నారు", అడ్రసు ఫ్యాక్టరీ గేటుది. ఏడేళ్ళు నా ఇల్లు ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఉందన్నమాట. మార్చమని రాసిచ్చాను, మాతో పాటు బోర్డర్ దాటే ఇంకో పదహారు మంది చేత కూడా రాయించాను. బిల్లులన్నీ జిరాక్స్ తీయించాను, ఎమర్జెన్సీ అని డాక్టర్ దగ్గర రాయించుకోవడానికి ఆదివారం కోదాడ వెళ్తున్నాను.

మొదట్లో నేను తెలంగాణ కార్డు కావాలన్నాను. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను, తుంగభద్ర తమ్ముడు చెప్పిందే సరి. మా నాన్నకి గుండె జబ్బు ఉంది, రాత్రిపూట ఏదైనా అయితే ఇఎస్ఐ కాగితం సరిచేసుకున్నా గుణదల ఎనభై కిలోమీటర్ల దూరం. అక్కా, నాన్న పేరు కూడా అదే డిస్పెన్సరీ కిందికి వస్తుందా, లేక ఆయనకి విడిగా రాయించాలా?