నాన్నగారి గొంతు అమ్మకు వినిపిస్తోంది: దీనిని ఏ శాస్త్రంతో అర్థం చేసుకోవాలి?

ప్రశ్న

మా నాన్నగారు పోయి పద్నాలుగు నెలలైంది. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు వరండాలోంచి "ఏమేవ్, లేచావా?" అని ఆయన గొంతు వినిపిస్తోందని అమ్మ చెబుతోంది. ఆమె లేచి, పొయ్యి వెలిగించి, అలవాటు కొద్దీ ఇద్దరికీ సరిపడా కాఫీకి నీళ్లు పెట్టి, తర్వాత సగం వంపేస్తుంది. పాలవాడి లెక్క దగ్గర నుంచి పింఛను కాగితాల దాకా మిగతా వ్యవహారాలన్నీ నిక్కచ్చిగా చూసుకుంటోంది. మామయ్య శాంతి చేయించమంటున్నారు, తమ్ముడు సైకియాట్రిస్టుకు చూపించమంటున్నాడు. వేర్వేరు శాస్త్రాలు చదివినవారు ఈ అనుభవాన్ని ఎలా చూస్తారో తెలుసుకోవాలని ఉంది.

జవాబు 1 (మానసిక వైద్య విభాగంలో పని చేస్తున్నాను)

గొంతు వినిపించినంత మాత్రాన జబ్బు అని మేము అనము. 1971లో డెవి రీస్ అనే వైద్యుడు వేల్స్‌లో భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందితో మాట్లాడితే, దాదాపు సగం మంది పోయినవారి ఉనికిని ఏదో ఒక రూపంలో అనుభవించామని చెప్పారు. సుమారు 13 శాతం మందికి గొంతు వినిపించింది. అందులో చాలామంది ఆ సంగతి అప్పటివరకూ ఎవరితోనూ అనలేదు. పైగా నిద్రకూ మెలకువకూ మధ్య ఆ నాలుగు క్షణాల్లో పిలుపు వినిపించడం ఆరోగ్యవంతులకూ జరుగుతుంది. అయితే "నా దగ్గరికి వచ్చెయ్" అని ఆ గొంతు పిలుస్తోందా, తిండీ నిద్రా తగ్గాయా, ఆవిడ భయపడుతున్నారా అన్నవి తప్పక అడగండి. వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయవద్దు. పెద్దవయసులో వినికిడి తగ్గినా ఇలా జరగవచ్చు కనుక ముందు చెవి పరీక్ష చేయించండి.

జవాబు 2 (మానవశాస్త్ర పరిశోధక విద్యార్థిని)

అమెరికా మానవశాస్త్రవేత్త టాన్యా లూర్మన్ బృందం కాలిఫోర్నియాలోని శాన్ మాటియో, ఘనాలోని ఆక్రా, మన చెన్నై నగరాల్లో స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినిపించడం వంటి లక్షణాలుండే తీవ్ర మానసిక వ్యాధి) ఉన్న ఇరవై మందితో చొప్పున మాట్లాడి, 2015లో ఫలితాలు ప్రచురించింది. అమెరికన్లు ఎక్కువగా హింస గురించి, తమ మీద దాడి చేసే అపరిచిత గొంతుల గురించి చెప్పగా, చెన్నైలో సగం మందికి పైగా బంధువుల గొంతులు విన్నారు. అవి ఇంట్లో పెద్దవాళ్లలాగే తిట్టేవి, వంట చేయమనేవి. దీన్ని పట్టుకుని మన సంస్కృతి మెత్తనిదని మురిసిపోవడం నాకు నచ్చదు, ఎందుకంటే వేధించే గొంతులు చెన్నైలోనూ ఉన్నాయి, ఇరవై మందితో దేశమంతా తేలదు. అలాగే దీన్ని పూనకంతో కలపకూడదు. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి బోనాల్లో రంగం నాడు పచ్చి కుండ మీద నిలబడిన స్త్రీ నోట అమ్మవారు పలికితే ఊరంతా వింటుంది. మీ అమ్మగారి విషయంలో వింటున్నది ఆవిడ ఒక్కరే.

జవాబు 3 (తెలుగు బోధిస్తాను)

మన భాషలో ఆలోచించడానికి వాడే మాట "అనుకోవడం", అంటే తనకు తాను చెప్పుకోవడం. పిల్లలు ఆడుకుంటూ పైకి మాట్లాడుకునే మాటలే క్రమంగా లోపలి మాటలవుతాయని రష్యన్ మనస్తత్వ శాస్త్రవేత్త వైగోత్‌స్కీ 1930లలో ప్రతిపాదించాడు. ఆ లోపలి మాట తనదేనని మెదడు గుర్తుపట్టలేకపోతే పరాయి గొంతుగా వినిపిస్తుందని కొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అంటారు. కానీ అది వరండాలోంచే, ఆయన యాసతోనే ఎందుకు వినిపిస్తుందన్న ప్రశ్నకు ఆ సిద్ధాంతం నాకు సరిపోలేదు. అక్కడ అన్నేళ్ల కాపురాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. వినిపిస్తోందా అని అడిగామే తప్ప, విన్నాక ఏమనిపిస్తోందని మేమెవరమూ అడగలేదు. ఈ రోజు అడిగాను. "ఆయన లేరని నాకు తెలియదా? ఆ పిలుపుకి లేవడం అలవాటు, అంతే" అంది. బదులు పలికితే గొంతు ఆగిపోతుందట, అందుకని పలకదట. శనివారం చెవి పరీక్షకు తీసుకెళ్తున్నాను.