పాత తపాలా కవర్లు అమెరికా ఇమిగ్రేషన్ కేసులో రుజువుగా చెల్లుతాయా?

మాది కావలి. అన్నయ్య 2000లో విజిటర్ వీసా మీద అమెరికా వెళ్లి, గడువు దాటినా అక్కడే ఉండిపోయాడు. వీసా గడువు దాటినవాళ్లు జరిమానా కట్టి అక్కడే గ్రీన్‌కార్డు తెచ్చుకునే వీలిచ్చే సెక్షన్ 245(ఐ) గడువు 1998 జనవరి 14తో ముగిసినా, చట్టాన్ని సవరించి 2001 ఏప్రిల్ 30 దాకా పెంచారు కదా, ఆ ఆఖరి వారంలో అక్కడి పౌరురాలైన మా పెద్దక్క తమ్ముడి కోసం పిటిషన్ వేసింది. లాయర్లకు ఊపిరాడని రోజులట అవి. ఆ లాయరు ఇప్పుడు లేరు, ఫైలూ లేదు.

ఆ సెక్షన్ వర్తించాలంటే 2000 డిసెంబరు 21న అన్నయ్య అమెరికాలోనే ఉన్నట్టు రుజువు కావాలంటున్నారు కొత్త లాయరు. జీతం క్యాష్‌గా ఇచ్చేవాళ్లు, స్లిప్పులు లేవు. అమ్మ ట్రంకుపెట్టెలో మాత్రం ఆ నెలలో అన్నయ్య రాసిన ఉత్తరాల కవర్లున్నాయి, తపాలా ముద్ర చెరగలేదు. ఇవి చాలతాయా? అసలువే పంపాలా, స్కాన్ సరిపోతుందా? వెయ్యి డాలర్ల జరిమానా సంగతి తెలుసు. నెల్లూరులో కన్సల్టెంట్లను అడిగితే స్టూడెంట్ వీసా తప్ప మాట్లాడరు, అందుకే ఇలాంటి కేసు నడిపినవాళ్లను అడుగుతున్నాను.