పెన్సిల్‌ని పిడికిట్లో పట్టుకుంటున్నాడు, రెండు లైన్లకే చెయ్యి నొప్పి అంటున్నాడు

యూకేజీ అమ్మ, కూకట్‌పల్లి:
అందరికీ నమస్కారం. మా వాడికి నాలుగేళ్ల ఏడు నెలలు. పెన్సిల్‌ని రోకలి పట్టుకున్నట్టు పిడికిట్లో పట్టుకుంటాడు. హోంవర్క్ రోజూ రెండు పేజీలు: నాలుగు గీతల పుస్తకంలో ఇంగ్లీషు ఒకటి, అ నుంచి అః దాకా ఒకటి. మొదటి రెండు లైన్లు పర్వాలేదు. మూడో లైనుకి చెయ్యి నొప్పి అని దులుపుకుంటాడు. ఎంత గట్టిగా నొక్కుతాడంటే, పేజీ వెనక తడిమితే అక్షరాలు చేతికి తగులుతాయి. నిన్న ఇంగ్లీషు 'కే' రాయలేక పేజీ చించేశాడు. డైరీలో "ఇంకా ప్రాక్టీస్ కావాలి" అని ఎర్ర ఇంకుతో రాసి పంపారు. రబ్బరు గ్రిప్పులు కొంటే వాటిని కొరుకుతున్నాడు. "వాళ్ల నాన్నా ఇంతే, ఐదో క్లాసు దాకా కోడి గెలికినట్టే రాశాడు" అని మా అత్తగారు నవ్వుతారు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. ఇంకా ఎక్కువ రాయించాలా?

పలక టీచరు:
వద్దమ్మా. ముందు ఆ రబ్బరు ముక్కలు దాచిపెట్టు, పుస్తకం కూడా పది రోజులు పక్కన పెట్టు. నేను 31 ఏళ్లు ఒకటో తరగతికే చెప్పి రిటైరయ్యాను. అందులో కొన్నేళ్లు కడియం దగ్గర. అక్కడ మొక్కల నర్సరీల్లో పనిచేసేవాళ్ల పిల్లలు అమ్మ పక్కన కూర్చుని కవర్లలో మట్టి కూరుతూ, బంతిపూలు గుచ్చుతూ ఆడుకునేవాళ్లు. బడికొచ్చేదాకా పుస్తకం ముట్టని పిల్లలు. అయినా బలపం ఇస్తే వారం తిరక్కుండా దారిలో పడేవాళ్లు. ఐదేళ్లొచ్చినా అమ్మ ముద్దలు కలిపి పెడితే తినే పిల్లాడికి అదే పని మూడు నెలలు పట్టేది. పిల్లలతో పని చేయించమని కాదు నేననేది. వేళ్లకి పని ఉండాలంటున్నాను.

మీ ఇంట్లో అన్నీ ఉన్నాయి. వేరుశెనక్కాయలు ఒలవమను, చిక్కుడుకాయలకి ఈనె తీయమను. చపాతీ పిండిలో చిన్న ముద్ద ఇవ్వు. పొద్దున ముగ్గు వేస్తావుగా, చివరి నాలుగు చుక్కలు వాడితో పెట్టించు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి పిండిని జారవిడవడం కన్నా మంచి పెన్సిల్ ప్రాక్టీస్ నాకు తెలియదు. చొక్కా గుండీలు వాడే పెట్టుకోవాలి, బడికి ఆలస్యమైనా సరే.

తర్వాత పలక. నున్నటి కాగితం మీద పెన్సిల్ జారిపోతుంది, అందుకే పిల్లలు బిగబడతారు. పలక మీద బలపం కొంచెం పట్టి నడుస్తుంది, తప్పు పోతే తుడిచేయొచ్చు. బలపం పొడుగుది ఇవ్వకు, అంగుళం ముక్క ఇవ్వు. అంత చిన్న ముక్కని పిడికిలితో పట్టుకోవడం కుదరదు, మూడు వేళ్లూ వాటంతటవే ముందుకొస్తాయి.

ఇంకో మాట. అక్షరాభ్యాసం రోజు బియ్యంలో ఏం దిద్దించినా, చేతికి అలవాటు చేసేటప్పుడు 'అ'తో మొదలుపెట్టడం నాకు నచ్చదు. వరసకి అది మొదటిది, చేతికి కాదు. ఎన్ని మలుపులో చూడు. నేను ముందు సున్నాలు పెట్టించేదాన్ని, తర్వాత ర. ర వచ్చిందంటే మధ్యలో చుక్క పెడితే ఠ. ద వస్తే డ, ధ, థ దాని చుట్టాలే. వ కుదిరాక కొమ్ము తగిలిస్తే మ. పిల్లాడికి ఒక్కటి నేర్చుకుంటే మూడొచ్చినట్టు ఉంటుంది. రోజుకి పది నిమిషాలు చాలు.

అన్నట్టు, వాడు ఏ చేత్తో రాస్తాడో చెప్పలేదు.

ముత్యాల రాత:
మా నాన్న బెత్తం పట్టుకుని రోజుకి నాలుగు పేజీలు రాయించేవారు. ఇప్పటికీ నా రాత చూసి మెచ్చుకోనివాళ్లు లేరు. ఇప్పటి పిల్లలకి గారాబం ఎక్కువైంది, అంతే.

పలక టీచరు:
బాబూ, నీ రాత బాగుంది, సంతోషం. ఆ బెత్తానికి భయపడి బడి మానేసినవాళ్ల రాత ఎలా ఉండేదో మనకి తెలియదు కదా.

యూకేజీ అమ్మ, కూకట్‌పల్లి:
టీచరుగారూ, స్పూను, బంతి ఎడమ చేత్తోనే పట్టుకుంటాడు. పెన్సిల్ కూడా అలాగే తీస్తే మా అత్తగారు కుడి చేతికి మారుస్తారు. స్కూల్లోనూ అంతే.

చేతిపని థెరపిస్టు:
రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడంలో సాయపడే ఆక్యుపేషనల్ థెరపిస్టుని. అసలు విషయం ఇప్పుడు బయటపడింది. చెయ్యి మార్చడం ఈ రోజే ఆపేయండి. పెన్సిల్, బలపం మధ్యలో పెట్టండి, ఏ చేత్తో తీసుకుంటే ఆ చేత్తోనే రాయనివ్వండి. ఎడమ చేత్తో రాస్తే కాగితం పైభాగాన్ని కొంచెం కుడివైపుకి వంచి పెట్టాలి. మన రాత ఎడమ నుంచి కుడికి కాబట్టి చెయ్యి రాసినదాని మీదుగానే జరుగుతుంది. పెన్సిల్‌ని మొనకి కాస్త పైన పట్టుకుంటే రాసేది కనిపిస్తుంది, అక్షరాలు అలుక్కుపోవు.

వాట్సాప్‌లో చిన్నపిల్లల చేతి ఎక్స్‌రే తిరుగుతుంటుంది, మణికట్టులో ఎముకలే లేనట్టు. పుట్టినప్పుడు అక్కడి ఎనిమిది ఎముకలూ ఎక్స్‌రేలో కనిపించని మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి, ఒక్కొక్కటీ ఏళ్ల తరబడి గట్టిపడతాయి. అది నిజమే. కానీ రాయలేకపోవడానికి అదే కారణం అనుకోకండి. వేళ్లు నిలకడగా కదలాలంటే ముందు భుజం, మోచెయ్యి నిలబడాలి. అందుకే గోడ మీద రాయించమంటాం. కుర్చీలో కూర్చుంటే పాదాలు వేలాడకూడదు, కింద పీట వేయండి.

'కే' దగ్గర చించేశాడంటే ఆశ్చర్యం లేదు. నిలువు గీత, సున్న, కూడిక గుర్తు వచ్చాక గానీ ఏటవాలు గీతలు కుదరవు. చాలామందికి త్రిభుజం ఐదేళ్లు దాటాకే వస్తుంది. ఆరేళ్లకి కూడా గుండీ పెట్టుకోలేకపోతే, చెంచా తిన్నగా పట్టలేకపోతే అప్పుడు పిల్లల డాక్టరుకి చూపించండి.

యూకేజీ అమ్మ, కూకట్‌పల్లి (మూడు వారాల తర్వాత):
ఎడమ చేతికే ఖాయమయ్యాడు. అత్తగారు రెండు రోజులు మాట్లాడలేదు, తర్వాత ఆవిడే వేరుశెనక్కాయలు ముందేసుకుని వాణ్ణి కూర్చోబెట్టుకుంటున్నారు. స్కూలు మేడంతో మాట్లాడితే అరపేజీకి ఒప్పుకున్నారు. బాల్కనీ గోడ మీద పెయింటు బ్రష్షు నీళ్లలో ముంచి రాయిస్తున్నాను. ఇంటి ఓనరు చూసి కంగారుపడ్డారు గానీ, ఆరిపోతుందని తెలిసి ఊరుకున్నారు. నిన్న ర రాసి, మధ్యలో చుక్క పెట్టి, "అమ్మా, ఠ వచ్చేసింది" అన్నాడు. పేజీ వెనక ఇంకా తగులుతోంది, ఇదివరకంత కాదు. ఒక డౌటు. చపాతీ పిండితో ద చేసి పచ్చిదే తినేస్తున్నాడు. పర్వాలేదా?

పలక టీచరు:
పచ్చిపిండి వద్దమ్మా, కడుపు పాడవుతుంది. పెనం మీద కాల్చి పెట్టు. ద అలాగే ఉంటుంది.