నడుస్తూనే ఆగిపోయే ఇంజన్: సెల్ఫ్ తిరుగుతోంది, స్టార్టు మాత్రం కావడం లేదు

ప్రశ్న

నాది తొమ్మిదేళ్ల పెట్రోలు కారు. రెండు వారాల్లో మూడుసార్లు ఇలా జరిగింది. ముప్పావు గంట నడిపాక, స్విచ్చి తీసేసినట్టు ఇంజన్ టక్కున ఆగిపోతుంది. ముందుగా కుదుపు ఉండదు, వాసన రాదు. తాళం తిప్పితే సెల్ఫ్ జోరుగానే తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు. అరగంట ఆగితే మాత్రం ఒక్క తిప్పుకే స్టార్టవుతుంది. మెకానిక్ దగ్గరకు వెళ్లేసరికి బండి చక్కగా ఉంటోంది. ఆయన ప్లగ్గులు మార్చారు, తరువాత బ్యాటరీ మార్చారు. ఇప్పుడు ఫ్యూయల్ పంపు మార్చాలంటున్నారు. మార్చమంటారా?

జవాబు

ఆగండి, ఇంకేమీ మార్చవద్దు. సెల్ఫ్ అంత జోరుగా తిరుగుతుంటే అది బ్యాటరీ తప్పు కాదు. బ్యాటరీ బలహీనపడితే సెల్ఫ్ మూలుగుతుంది, లేదా టకటకమని కొట్టుకుని ఊరుకుంటుంది.

మీరు రాసిన వాటిలో రెండు మాటలు నాకు ముఖ్యంగా కనిపించాయి. ఒకటి, టక్కున ఆగడం. పెట్రోలు అందకపోతే ఇంజన్ సాధారణంగా తడబడి, ఒకటి రెండు కుదుపులు ఇచ్చి ఆగుతుంది. టక్కున ఆగిందంటే ముందు కరెంటు వైపు చూడాలి. రెండోది, చల్లారాక బాగుపడటం. ఈ రెండూ కలిసినప్పుడు నా మొదటి అనుమానం క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్ల కదలికతో తిరిగే ఇంజన్ ఇరుసు) సెన్సార్ మీద.

క్రాంక్ షాఫ్ట్‌తో పాటు ఒక పళ్ల చక్రం తిరుగుతుంది. చాలా ఇంజన్లలో 60 పళ్లకు చోటుంచి, రెండు పళ్లు వదిలేస్తారు. ఆ ఖాళీ ఎదురుగా వచ్చిన ప్రతిసారీ పిస్టన్లు ఎక్కడున్నాయో కంప్యూటర్‌కు తెలుస్తుంది. ఈ లెక్క చెప్పేది ఆ సెన్సారే. చాలా వాటి లోపల వెంట్రుకంత సన్నని తీగ చుట్ట ఉంటుంది. పాతబడ్డాక వేడికి ఆ తీగలో ఎక్కడో అతుకు విడిపోతుంది, చల్లారితే మళ్లీ తగులుకుంటుంది. సంకేతం రాకపోతే కంప్యూటర్ నిప్పురవ్వనూ పెట్రోలునూ రెండింటినీ ఆపేస్తుంది.

అయినా ఇది అనుమానమే. తేల్చుకోవడానికి బండి ఆగి ఉన్న ఆ అరగంటే మీకున్న అవకాశం. ఇప్పటిదాకా మూడుసార్లూ ఆ సమయం చల్లారేదాకా కూర్చోవడంలోనే పోయింది. ఈసారి బండిని పక్కకు చేర్చండి. ఇంజన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకుకు సాయం ఒకటి రెండు నొక్కుల వరకే ఉంటుంది. అందుకని బ్రేకును పదేపదే వదిలి నొక్కకండి. బండి కదులుతుండగా తాళం పూర్తిగా వెనక్కి తిప్పకండి, స్టీరింగ్ లాక్ పడిపోతుంది. హజార్డ్ లైట్లు వేసి, అద్దాలు మూసి, పాటలు ఆపండి.

ఇప్పుడు సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్ వరకే తిప్పి వినండి. వెనుక సీటు వైపు నుంచి రెండు సెకన్లపాటు సన్నగా "జుయ్"మని పంపు మోగాలి. తరువాత ఫోనులో మీటర్లను వీడియో తీస్తూ సెల్ఫ్ కొట్టండి. ఆర్‌పీఎం ముల్లు సున్నా మీద నుంచి కాస్త లేస్తుందా, రాయిలా పడి ఉందా చూడండి. అసలు కదలకపోతే ఆ సెన్సార్ సంకేతం రావడం లేదని అనుమానించాలి. తాళం గుర్తున్న ఇమ్మొబిలైజర్ (సరైన తాళం కాకపోతే ఇంజన్‌ను స్టార్టు కానివ్వని ఏర్పాటు) దీపం మెరుస్తోందేమో కూడా చూడండి. పది సెకన్లకు మించి సెల్ఫ్ తిప్పవద్దు. ఈ రెండు పరీక్షలూ బండి బాగున్న ఇవాళే ఒకసారి చేసి పెట్టుకోండి. మీ కారు మామూలుగా ఎలా మోగుతుందో తెలియకపోతే తేడా పట్టుకోలేరు.

మరొకరు

పంపు మోగకపోతే పంపే పోయిందనుకోవద్దండి. నా కారులో పోయింది రిలే, అంటే పంపుకు కరెంటు కలిపే స్విచ్చి. హారన్ రిలే నంబరూ దాని నంబరూ ఒకటే కావడంతో వాటిని అటూ ఇటూ మార్చి చూశాను, వెంటనే స్టార్టయింది. ఫ్యూజు కూడా చూడండి.

ఇంకొకరు

తోసి స్టార్టు చేస్తే సరిపోదా?

జవాబు

సంకేతమే లేనప్పుడు ఎంత తోసినా ప్రయోజనం లేదు. ఇంజన్ ఎందుకు ఆగిందో తెలియకుండా తోయడం ప్రమాదం కూడా. సెల్ఫ్ ఎప్పటికన్నా తేలికగా, వేగంగా, బరువే లేనట్టు తిరుగుతుంటే వాల్వులను పిస్టన్లతో జత కలిపి నడిపే టైమింగ్ బెల్టు తెగి ఉండవచ్చు. చాలా ఇంజన్లలో ఆ స్థితిలో తిప్పితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. సెల్ఫ్ అలా తేలికగా తిరుగుతున్నట్టు వినిపిస్తే తాళం వదిలేసి, బండిని లాగించుకు వెళ్లండి. ప్రశ్న అడిగినవారి బండి మళ్లీ స్టార్టవుతోంది కాబట్టి బెల్టు తెగలేదు.

ప్రశ్న అడిగినవారు

నిన్న మళ్లీ ఆగింది. పంపు స్పష్టంగా మోగింది. వీడియోలో ముల్లు కదలనే లేదు. 35 నిమిషాల తరువాత తీసిన వీడియోలో అదే ముల్లు చిన్నగా లేచింది, ఇంజన్ అందుకుంది. రెండూ మెకానిక్‌కు చూపించాను. ఆయన స్కానర్ పెడితే పి0335 వచ్చింది.

జవాబు

ఆ కోడ్ అర్థం సెన్సార్ పోయిందని కాదు, సెన్సార్ సర్క్యూట్‌లో లోపం ఉందని. కొత్తది కొనేముందు సెన్సార్‌కు తగిలించిన తీగ ప్లగ్గు ఊడదీసి చూడమనండి. పిన్నులు పచ్చబడ్డాయా, తీగ ఎక్కడైనా ఒరుసుకుందా, నూనె చేరిందా చూడాలి. రెండు పిన్నుల తీగచుట్ట రకమైతే చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడిగా ఉన్నప్పుడు ఒకసారి మీటరుతో నిరోధం కొలవవచ్చు. మూడు పిన్నులుంటే అది తీగచుట్ట లేని హాల్ రకం కావచ్చు, దానికి ఈ కొలత పనికిరాదు.

ప్రశ్న అడిగినవారు

రెండు పిన్నులదే. తీగ బాగానే ఉంది. చల్లగా ఉన్నప్పుడు మీటరు అంకె చూపించింది. ఇంజన్ వేడెక్కి ఆగిపోయిన వెంటనే కొలిస్తే ఏమీ చూపించలేదు, లోపల తెగిపోయినట్టే. సెన్సార్ మార్చారు. మూడు వారాలుగా దూర ప్రయాణాలు కూడా చేశాను, ఒక్కసారీ ఆగలేదు. పాత సెన్సార్ తీసినప్పుడు దాని ఒళ్లంతా నూనె జిడ్డు ఉంది. వాల్వ్ కవర్ గాస్కెట్ నుంచి కారుతోందట, అది వచ్చే ఆదివారం మార్పిస్తున్నాను. పంపు పాతదే ఉంది.